కట్లక్క, గొడుగు కప్ప

ఆ క్లినిక్కులో కట్లు కట్టే గది అన్నిటికంటే చివర్న ఉంటుంది. గదిలో రెక్సిన్ పరుపు వేసిన ఎత్తు బల్ల, దాని పక్కన చక్రాల ట్రే, గోడవారన సెలైన్ సీసాలు తగిలించే ఇనుప స్టాండు. ఆ స్టాండుకి సీసా వేలాడడం ఎప్పుడోగానీ చూడం. పిల్లల్ని బల్ల మీద పడుకోబెడితే సరిగ్గా వాళ్ల కళ్లకి ఎదురుగా వచ్చే ఎత్తులో, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఒక ఫోను బిగించి ఉంటుంది. ఆ ఫోను కట్లక్కది.

ఆవిడకి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఇంట్లో కూడా లేరు. కట్లు కట్టే అక్క కాస్తా కట్లక్క అయిపోయింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే మొగుడు కూడా, “కట్లక్కా, నీకోసమే” అని లోపలికి కేకేస్తాడు. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. “దీని ఫోన్లో వెతికినా నా ఫొటో ఒక్కటి దొరకదు. ఏనుగులు, రైళ్లు, పళ్లు తోముకునే కోతులు, అన్నీ ఉంటాయి” అని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోతాడు. “నిన్ను చూపిస్తే ఉన్న ఏడుపు రెట్టింపవుతుంది మరి” అంటుంది ఆవిడ.

క్లినిక్కులో చేరకముందు కట్లక్క పెద్దాసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో చేసింది. అప్పట్లో ఆవిడ పని కట్టు కట్టడం కాదు, పట్టుకోవడం. పిల్లని దుప్పట్లో చుట్టి, గాయమున్న చెయ్యో కాలో మాత్రం బయటికి తీసి, మిగతా ఒంటి మీద తన బరువంతా వేసి కదలకుండా పట్టుకోవాలి. ఆ వార్డులోకి తల్లుల్ని రానివ్వరు. సాయంత్రం కాసేపు అద్దం అవతల నిలబడి చూసుకుని వెళ్లాలి. తిండి తినని పిల్లలకి ముక్కులోంచి గొట్టం వేస్తారు. దాన్ని పీకేసుకోకుండా రెండు చేతుల్నీ మంచం కడ్డీలకి మెత్తటి గుడ్డతో కడతారు. ఒకసారి బస్సులో ఒక పిల్లాడు ఆవిడని చూసి గుర్తుపట్టాడు. పట్టి, తల్లి వీపు వెనక్కి దూరిపోయి ఒకటే కేకలు. ఎందుకు ఏడుస్తున్నాడో బస్సులో ఎవరికీ తెలీదు. తెలిసిన ఆవిడ మధ్యలోనే దిగిపోయి మిగతా దారంతా నడిచి ఇంటికి వెళ్లింది.

అందుకే, ఫోను చూపిస్తే పిల్లలు చెయ్యి సంగతే మర్చిపోతారని తెలిసిన రోజున ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టయింది. దానికో పద్ధతి కూడా పెట్టుకుంది. పిల్ల గదిలోకి రాగానే కట్టు వైపు చూడకుండా ముందు తల్లిని అడుగుతుంది: “ఇంట్లో ఏది చూస్తూ తింటుంది?” కొందరు తల్లులు మొహమాటపడతారు. “మా వాడు అసలు ఫోను ముట్టుకోడండీ” అన్న తల్లి మాట పూర్తికాకముందే ఆ వాడు బొటనవేలితో ఫోను తాళం తీసి, తనకి కావాల్సిన బొమ్మ తనే వెతుక్కున్న రోజులున్నాయి. ఏదైతేనేం, అన్నం తినేటప్పుడు పెట్టే వీడియో ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ వీడియో నడుస్తుంటే నోట్లోకి ఏం పోతోందో చూసుకోని పిల్ల, చేతి మీద ఏం జరుగుతోందో మాత్రం ఏం చూసుకుంటుంది? పాట మొదలవడం, ఆవిడ కత్తెర మొదలవడం ఒక్కసారే. కుట్లు విప్పించుకోవడానికో, పగిలిన మోకాలికి మందు రాయించుకోవడానికో ఒకటి రెండుసార్లు వచ్చే పిల్లల దగ్గర ఈ పద్ధతి ఎప్పుడూ బెడిసికొట్టలేదు.

బుడంకాయ ఒకటి రెండుసార్లతో పోయే పిల్ల కాదు.

బుడంకాయకి ఇంకా రెండేళ్లు నిండలేదు. తల్లిదండ్రులకి పక్క వీధిలో ఇస్త్రీ దుకాణం ఉంది. పిల్ల కెటిల్ తీగ పట్టుకుని లాగితే మరిగిన నీళ్లు ఎడమ చేతి మీద, మోచేతి నుంచి మణికట్టు దాకా ఒలికాయి. ఆ సమయంలో పిల్లని చూసుకుంటున్నది నాయనమ్మ. అందుకని ఆ రోజు నుంచి ఆవిడ ఎవరి మీద పడితే వాళ్ల మీద విరుచుకుపడుతోంది. కెటిల్ తయారుచేసినవాడితో సహా.

మొదటి రోజు కట్లక్క మామూలు ప్రశ్న అడిగింది.

“గొడుగు కప్పక్కా” అంది తల్లి, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో. “అది లేకపోతే ముద్ద మింగదు. నోట్లో పళ్లు వచ్చినప్పటి నుంచీ అంతే.”

గొడుగు కప్ప దొరికింది. ముందు చినుకుల చప్పుడు వస్తుంది, టప టప టప. తర్వాత ఆకుపచ్చ కప్పొకటి ఎర్ర గొడుగు వేసుకుని గెంతుతూ వస్తుంది. బుడంకాయ ఏడుపు ఆపి, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. కట్లక్క చకచకా కానిచ్చేసింది. నాయనమ్మ బయటికి వచ్చి, బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ వినపడేలా, “చేతులు కావమ్మా అవి, దూది! పిల్లకి తెలిస్తే ఒట్టు” అంది.

రెండోసారీ అంతే. ఆ తర్వాత, రోజు విడిచి రోజు వస్తూ ఉండగా, ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేం గానీ, చినుకుల చప్పుడు వినగానే బుడంకాయ ముక్కడం మొదలుపెట్టింది. కట్లక్క ఫోను సౌండు పెంచింది. ముక్కడం ఏడుపైంది. ఇంకా పెంచింది.

మూడో వారం మంగళవారం నాడు డాక్టరుగారు పిల్లని బరువు చూసే యంత్రం మీద కూర్చోబెట్టారు. ముల్లు పోయిన వారం కంటే కిందికి దిగింది. పోయిన వారమే అంతకుముందు వారం కంటే దిగి ఉంది.

“ఏం తింటోంది?” అన్నారాయన.

“తినట్లేదు డాక్టరుగారూ. నిద్దట్లో సీసా పెడితే కాసిని పాలు తాగుతోంది. మెలకువ మీద మాత్రం పళ్లు బిగించేస్తోంది.”

సిరప్పు మార్చారు. నోట్లో పూత ఉందేమోనని టార్చి వేసి చూశారు. జ్వరం లేదు, చీము లేదు. పుండు మాత్రం పోయిన వారం ఎలా ఉందో ఈ వారం అలాగే ఉంది. లోపల్నుంచి కొత్త కండ రావడం లేదు.

“తిండి లేకపోతే కండ ఎక్కడి నుంచి వస్తుందమ్మా? శుక్రవారం మళ్లీ బరువు చూస్తాను. ముల్లు ఇంకా దిగితే పెద్దాసుపత్రికి రాసేస్తాను. ఇక్కడ ఉంచుకుంటే పిల్లకి అన్యాయం చేసినట్టవుతుంది.”

తల్లి తలాడించింది. పెద్దాసుపత్రి అంటే ఆమెకి పెద్ద భవనం, పెద్ద డాక్టర్లు. కట్లక్క ట్రే సర్దుతూ వెనక్కి తిరిగి నిలబడింది. కడ్డీకి కట్టిన మెత్తటి గుడ్డ, దాని కింద బుడంకాయ మణికట్టు, ఆ వైపు కాలిన చెయ్యి కాబట్టి గుడ్డ కాస్త పైకి జరిపి కట్టాలి... అంతదాకా చూసి ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది.

బుధవారం మధ్యాహ్నం డ్యూటీ బట్టలు తీసుకుందామని కట్లక్క ఇస్త్రీ దుకాణానికి వెళ్లింది. బుడంకాయ తండ్రి ఇస్త్రీ బట్టలు ఇళ్లకి ఇచ్చి రావడానికి వెళ్లినట్టున్నాడు, ముందు గదిలో ఎవరూ లేరు. కర్టెన్ వెనక గదిలోంచి నాయనమ్మ గొంతు వినపడుతోంది.

“నీ నోటికి తాళం పడా! నా తల్లివి కదే! ఒక్కటంటే ఒక్కటి!”

“అత్తయ్యా, మీరు అరిస్తే ఇంకా బిగిస్తుంది. ఉండండి, మొదట్నుంచి పెడతాను.”

కట్లక్క కర్టెన్ తప్పించి చూసింది. పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా నీళ్ల సీసాకి ఆనించిన ఫోను. తల్లి చేతిలో గుడ్డు కలిపిన ముద్ద. తల్లి ఫోను నొక్కింది. టప టప టప.

కప్ప ఇంకా రానేలేదు. ఆ చప్పుడుకే బుడంకాయ ఎడమ చేతిని పొట్టకేసి అదుముకుంది. కుడి అరచేతిని దాని మీద మూతలా వేసింది. మోకాళ్లు పైకి లాక్కుంది. అన్నిటికంటే ఆఖర్న నోరు బిగించింది.

ఆ వరస కట్లక్కకి కంఠతా వచ్చు. బల్ల మీద ఆ మోకాళ్లు దించేదీ, ఆ మూత తీసేదీ తనే. నిన్న పొద్దున్న కూడా ఆ చిన్న వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది. అక్కడ చినుకులు పడగానే చేతికి నొప్పి వస్తుంది. ఇక్కడ చినుకులు పడగానే ఏం వస్తుందో పిల్లకి ఎవరు చెప్పారు?

“చూశావా ఈ మొండిఘటాన్ని!” అంది నాయనమ్మ, ఆవిడని చూసి.

కట్లక్క తన బట్టల మూట తీసుకుని బయటికి వచ్చేసింది. మలుపు దాకా వెళ్లింది. ఎవరికీ ఏమీ తెలీదు. డాక్టరుగారికి తట్టలేదు, తల్లికి తట్టలేదు. శుక్రవారం ముల్లు దిగుతుంది, కాగితం రాస్తారు, ఆటో వస్తుంది. అంతా పిల్ల మొండితనం ఖాతాలోకి పోతుంది. మలుపులో మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, వెళ్లినదానికంటే వేగంగా నడిచింది.

“అమ్మాయ్, ఆ ఫోను ఆపు.”

“ఆపితే అసలు నోరే తెరవదక్కా.”

“ఇప్పుడు తెరిచిందా?”

తల్లి ఫోను ఆపింది. పిల్ల మోకాళ్లు కొంచెం కిందికి దిగాయి.

“చూశావా చేతిని ఎలా దాచుకుందో? నా బల్ల మీద కూడా ఇదే చేస్తుంది. నేను ఈ కప్పనే పెడుతున్నాను కదా. పాట మొదలవగానే కట్టు విప్పుతాను. దానికిప్పుడు ఆ కప్ప అంటే అన్నం కాదు, కట్టు. నా మూలంగానే అయింది.”

తల్లికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాయనమ్మకి వెంటనే అర్థమైంది.

“అంటే, ఇన్నాళ్లూ మేం దీని నోటికి అన్నం పెట్టట్లేదు. నీ కత్తెర పెడుతున్నాం.”

“పెద్దమ్మా...”

“పెద్దమ్మా లేదు, చిన్నమ్మా లేదు! ఏది చూస్తూ తింటుందని నువ్వే కదా అడిగావు? మేం నోరు మూసుకుని ఉంటే పోయేది! దూదిలాంటి చేతులని వీధంతా చెప్పుకొచ్చాను, నా నాలుకకి వాతలు పెట్టాలి!”

“అత్తయ్యా, ఆగండి” అంది తల్లి. ఆమెకి తిట్టే ఓపిక లేదు. “వేరేది పెడితే? రైలు పెడదామా అక్కా?”

రైలు పెట్టింది. రైలుకి చినుకుల చప్పుడు లేదు, కూత మాత్రమే ఉంది. కానీ ఫోను తన వైపు తిరగడం చూడగానే బుడంకాయ పెట్టిన కేకకి వీధిలో పోతున్న మనిషి ఆగి లోపలికి తొంగిచూశాడు. తల్లి గబుక్కున ఫోనుని ఇస్త్రీ బట్టల దొంతర కింద తోసేసింది.

“ఇంక అసలు ఏ ఫోనూ చూపించకు” అంది కట్లక్క.

“మరి ఎలా తింటుంది? దానికి ఇంకోలా తినడం రాదక్కా! పుట్టాక ఒక్కసారైనా దాని మొహం నా వైపు తిప్పి తినిపించినట్టు నాకు గుర్తులేదు.” ముద్ద ఇంకా ఆమె వేళ్ల మధ్యనే ఉంది. ఎండిపోయింది. “శుక్రవారం ఎల్లుండే కదా.”



గురువారం పొద్దున్న క్లినిక్కు తలుపులు తీయగానే ఆవిడ డాక్టరుగారికి అంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“నాకూ తట్టలేదు చూడు. మందులు మారుస్తూ కూర్చున్నాను.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “సరే. ఫోను తీసెయ్. కానీ కట్టు మార్చక తప్పదు, లేకపోతే చీము పడుతుంది. శుక్రవారం మాట కూడా మారదు. ఇంకా దిగితే, ఉంచుకునే ధైర్యం నాకు లేదు.”

కట్లక్క స్టాండుకున్న రబ్బరు బ్యాండ్లు విప్పి ఫోనుని బీరువాలో పెట్టేసింది. నొప్పి సిరప్పు మామూలుకంటే ముందే తాగించమని తల్లికి కబురు పంపింది.

బుడంకాయ గదిలోకి వస్తూనే స్టాండు వైపు చూసింది. ఖాళీ. తలుపు వైపు చూసింది. మళ్లీ స్టాండు వైపు. నొప్పి ఎప్పుడు మొదలవుతుందో చెప్పేది ఏదీ గదిలో లేదు. బల్ల మీద పడుకోబెట్టగానే ఒళ్లంతా విల్లులా వంచి అరవడం మొదలుపెట్టింది. కట్టు మొన విప్పబోతే కాలితో తన్నింది. ట్రేలో కత్తెర ఎగిరి కింద పడింది.

“పెద్దమ్మా, రండి, కాళ్లు పట్టుకోండి! అమ్మాయ్, నువ్వు భుజాలు నొక్కు, గట్టిగా!”

ఆ గొంతు కట్లక్క వాడి చాలా ఏళ్లయింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలీనట్టు వచ్చేసింది. నాయనమ్మ లోపలికి వచ్చింది. బుధవారం నుంచి ఆవిడ కట్లక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా వచ్చి కాళ్లు పట్టుకుంది. కట్లక్క తన భుజాన్ని పిల్ల ముఖానికీ చేతికీ మధ్య అడ్డం పెట్టింది. గాయం కనపడకుండా ఎప్పుడూ అలాగే పెడుతుంది. పిల్లకి ఊపిరి అందక కేక మధ్యలో తెగింది.

“వద్దు” అంది తల్లి.

“రెండు నిమిషాలు ఓర్చుకో, అయిపోతుంది.”

“వద్దన్నానా! వదలండి అత్తయ్యా! వదలండి!”

తల్లి తనే బల్లెక్కి కూర్చుంది. పిల్లని లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కూర్చున్న పిల్లకి కట్టు విప్పడం కట్లక్క ఎన్నడూ చెయ్యలేదు. ఆవిడ వంగి, మళ్లీ భుజం అడ్డం పెట్టబోయింది.

“అక్కా, నువ్వు పక్కకి జరుగు. దాన్ని చూడనీ.”

“చూస్తే బెదిరిపోతుందే!”

“ఇప్పుడు బెదరట్లేదా?”

కట్లక్క పక్కకి జరిగింది. బ్యాండేజి ఒక్కో చుట్టూ విప్పింది. పిల్ల వెక్కుతూ, చుట్టు తర్వాత చుట్టు తన చేతి మీద నుంచి పోవడం చూస్తోంది. దూది మెత్త లేచింది. గాజుగుడ్డ ఒక మూల ఊడివచ్చింది.

అప్పుడు బుడంకాయ తన చెయ్యి చూసింది. నీళ్లు పడ్డ రోజు నుంచీ దాన్ని చూడలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ కట్టు, ఇక్కడికి వస్తే కప్ప. వెక్కిళ్లు ఆగిపోయాయి. ఎర్రగా, తడిగా ఉన్న ఆ చోటుని, పక్కన గులాబిరంగులో మెరుస్తున్న కొత్త చర్మాన్ని, వంగి వంగి చూసింది. నాయనమ్మ మాత్రం మొహం తిప్పుకుంది.

“బూ” అంది తల్లి. “నీళ్లు పడ్డాయి కదా. బూ అయింది. ఇక్కడ తగ్గింది చూడు. ఇక్కడ ఇంకా తగ్గలేదు.”

“బూ” అంది పిల్ల.

మధ్యలో గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోయి ఉంది. కప్ప గెంతే వేళల్లో కట్లక్క దాన్ని కాస్త తడిపి, ఒక్క ఊపులో లాగేసేది. ఇప్పుడు ఆ కళ్లు తన వేళ్ల మీదే ఉన్నాయి. సెలైన్ పోసింది. ఆగింది. మళ్లీ పోసింది. నీళ్లు బల్ల అంచు మీదుగా తల్లి పాదాల మీద పడుతున్నాయి. బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు. “ఇంకా ఎంతసేపమ్మా?” అని డాక్టరుగారు అక్కడి నుంచే అడిగారు.

పిల్ల కుడి చెయ్యి నెమ్మదిగా వచ్చి గాజుగుడ్డ మూల పట్టుకుంది.

కట్లక్క చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, ఆ వేళ్లని తీసెయ్యడానికి. మధ్యలో ఆపుకుంది. తడి దూది తీసుకుని ఆ వేళ్లని తుడిచింది, ఒక్కొక్కటీ. “ఊఁ” అంది.

పిల్ల లాగింది. నొప్పికి కెవ్వుమంది. వదిలేసింది. ముగ్గురు ఆడవాళ్లూ కదల్లేదు. మళ్లీ పట్టుకుంది. కొంచెం లాగింది, ఏడ్చింది, ఆగింది. పిల్ల ఆగినప్పుడల్లా కట్లక్క నీళ్లు పోసింది. చివరి కాస్త పిల్ల వల్ల కాలేదు. అది కట్లక్కే తియ్యాల్సి వచ్చింది. అందుకు బుడంకాయ కుడి చేత్తో ఆవిడ చెంప మీద గట్టిగా కొట్టింది. గోరు గీసుకుంది. ఆవిడ చెంప తుడుచుకోకుండానే మందు రాసి, కొత్త గుడ్డ పరిచి, కట్టు కట్టేసింది. ఎప్పుడూ అరచెయ్యి సగం దాకా చుట్టేది, ఈసారి మణికట్టు దగ్గరే ఆపింది.

తల్లి పిల్లని చంకనేసుకుని బల్ల దిగబోయి తూలింది. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

“పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా నువ్వు?” అంది నాయనమ్మ.

తల్లి తల అడ్డంగా ఊపింది.

“నిన్న?”

నాయనమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. పిల్ల కోసం తెచ్చిన డబ్బా అది, గుడ్డు మెదిపి కలిపిన అన్నం. “ముందు నువ్వు తిను. నువ్వు పడిపోతే దీన్నెవరు చూస్తారు? నేను చూస్తే ఏమైందో చూశాం కదా.” ఆ ఆఖరి మాట ఆవిడ నోటి నుంచి మొదటిసారి బయటికి వచ్చింది. వచ్చాక ఎటు చూడాలో తెలీక డబ్బా మూతని పదేపదే తుడిచింది.

ఆ గదిలో తిండి పదార్థం తీయకూడదనేది కట్లక్క పెట్టిన నియమమే. బిస్కెట్టు పొట్లం విప్పినందుకు మనుషుల్ని బయటికి పంపిన రోజులున్నాయి. వద్దనబోయింది. తల్లి అప్పటికే తింటోంది. ఆకలి మీద ఉన్న మనిషి తినేలాగే, పెద్ద పెద్ద ముద్దలు, పిల్ల వైపు చూడకుండా.

బుడంకాయ మాత్రం చూస్తోంది. తల్లి ఒళ్లో కూర్చుని, ముద్ద డబ్బాలోంచి లేవడం, నోటి దగ్గరికి రావడం, దవడ కదలడం, అన్నీ చూస్తోంది. ఎదురుగా ఇంకేం లేదు చూడ్డానికి. కుడి చెయ్యి చాపి డబ్బాలో పెట్టింది. వేళ్లకి అంటుకున్న మెతుకులు తల్లి మూతికి పులిమింది. తల్లి తినేసింది. మళ్లీ పెట్టింది, ఈసారి తన నోట్లో. నమిలింది. ఉమ్మేసింది.

నాయనమ్మ నోరు తెరవబోయింది. తల్లి కళ్లతోనే ఆపింది. నాయనమ్మ కిటికీ వైపు తిరిగింది. చూడకూడదని బిగబట్టినందుకు మెడ నరాలు తేలాయి.

ఇంకోసారి డబ్బాలోకి చెయ్యి. నోట్లోకి. ఈసారి మింగింది.

కట్లక్క అడుగుల చప్పుడు కాకుండా వెళ్లి తలుపు గడియ వేసింది. వెంటనే బయట నుంచి తట్టారు.

“ఏం జరుగుతోంది లోపల? ఇక్కడ అంతా ఎదురుచూస్తున్నారు.”

“కట్టు కడుతున్నానండీ.”

“ఇంకా?”

“పెద్ద గాయం కదా డాక్టరుగారూ.”

బుడంకాయ ఇంకొన్ని మెతుకులు తిని, డబ్బాని బోర్లించింది. మిగిలిన అన్నమంతా కట్లక్క చెప్పుల మీద పడింది.

శుక్రవారం పొద్దున్నే వచ్చారు ముగ్గురూ. గురువారం సాయంత్రం పిల్ల ఏం తినలేదనీ, ఫోను ఎక్కడుందో వెతికి, కనపడగానే భయపడి ఏడ్చిందనీ, ఇవాళ లేస్తూనే తల్లి పళ్లెంలో చెయ్యి పెట్టి సగం గుడ్డు తిందనీ తల్లి చెప్పింది. సగం గుడ్డుతో ముల్లు ఎంత కదులుతుందో ఆ గదిలో ఎవరూ పైకి అడగలేదు.

బరువు చూసే యంత్రం మీద పిల్లని కూర్చోబెట్టారు. అది కాళ్లు ఊపుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగింది. డాక్టరుగారు రాసే కాగితాల మీద కలం అడ్డంగా పెట్టి ఉంది. కట్లక్క దాని వంకే చూస్తోంది. ముల్లు ఆగింది. డాక్టరుగారు వంగారు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ వంగారు. పిల్లని దించి, యంత్రం సున్నా దగ్గరికి సరిచేసి, మళ్లీ కూర్చోబెట్టారు.

“దిగలేదు” అన్నారు.

“పెరిగిందా?” అంది తల్లి.

“పెరగలేదు. దిగలేదు. మంగళవారం ఎక్కడ ఉందో అక్కడే ఉంది.”

“అంటే పంపుతారా?”

ఆయన పిల్ల కనురెప్ప కిందికి లాగి చూశారు, గోళ్లు నొక్కి చూశారు, కట్టు మీద వాసన చూశారు. “ఇవాళ పంపను. సోమవారం మళ్లీ తీసుకురా. అప్పుడేం చెబుతానో ఇప్పుడు చెప్పలేను.”

తల్లి పిల్లని ఎత్తుకుని బయటి బెంచీ మీదికి వెళ్లి కూలబడింది. ఆమె సంతోషించినట్టు లేదు. పరిగెత్తుకొచ్చిన మనిషిలా ఆయాసపడుతోంది. కట్లక్క గుమ్మంలో నిలబడింది. దగ్గరికి వెళ్లొచ్చో లేదో తెలియలేదు.

నాయనమ్మ సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి, బెంచీ మీద పెట్టింది. తర్వాత తల తిప్పకుండానే అంది.

“నీ మీద కోపం పోలేదు. సోమవారం దాకా పోదు. వచ్చి కూర్చో. నలుగురు తింటుంటే చూసి అది కూడా తింటుందేమో.”

కట్లక్క చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.